అలెర్జీ ఉన్న పాపాయికి అన్నం మొదలుపెట్టేటప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాప అన్నప్రాసనకి ఇల్లంతా చుట్టాలు. పరమాన్నంలో ముంచిన ఉంగరం నాలుకకి తాకించాక, మా అత్తయ్యగారు వెండి చెంచాతో రెండుసార్లు నోట్లో పెట్టారు. పది నిమిషాలు అయిందో లేదో, గడ్డం కింద ఎర్రటి దద్దురు ఒకటి లేచింది. దోమ కుట్టిందనుకున్నాం. చూస్తుండగానే అది మెడ మీదికి, చెవుల వెనక్కి పాకింది. పై పెదవి ఉబ్బింది. తిన్నదంతా కక్కేసింది. ముందు చూపించిన చోట చెమటకాయలన్నారు. పాలకి అలెర్జీ అని తేలేసరికి మూడు వారాలు పట్టింది. తర్వాత గుడ్డు కూడా ఆ లెక్కలో చేరింది. ఇప్పుడు దానికి ఆరేళ్లు.

ఆ రోజుల్లో నన్ను నిద్రపోనివ్వని సందేహాలనే ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాదు. మా డాక్టర్లు నేర్పినవి, నేను చదివి వాళ్లతో సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ పాపాయి విషయంలో చివరి మాట మీ పిల్లల డాక్టరుదే.

మా వాడికి చాలా పడవు. అవన్నీ అలెర్జీలేనా?

మన ఇళ్లలో "పడదు" అనే ఒక్క మాట కింద చాలా దాక్కుంటాయి. వంకాయ పడదు, దురద. అరటిపండు పడదు, జలుబు. కందిపప్పు పడదు, అరగదు. గుడ్డు పడదు, వేడి. వీటిలో నిజంగా అలెర్జీ అనదగ్గది ఏ ఒక్కటో ఉంటే ఉంటుంది. ఆహారంలోని ప్రొటీన్‌ని శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుని దాని మీద విరుచుకుపడితే అది అలెర్జీ. గ్యాస్ పట్టడం అలెర్జీ కాదు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడమూ అలెర్జీ కాదు. లాక్టోజ్ అరగకపోతే పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, అంతేగానీ పెదవులు వాయవు, ఆయాసం రాదు. టమాటా, చింతపండు, బత్తాయి రసం మూతికి అంటుకుని చుట్టూ ఎర్రబడితే అది చాలావరకు పులుపుకి లేత చర్మం మండటమే. కడిగేస్తే కాసేపట్లో పోతుంది.

ఈ తేడా నేను పట్టించుకోకపోవడం వల్ల మా పాప నష్టపోయింది. పాలు, గుడ్డు అని తేలాక ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో "పడదు" తెచ్చి చేర్చారు. నేనూ చేర్చాను. తొమ్మిదో నెల వచ్చేసరికి దాని గిన్నెలో అన్నం, పెసరకట్టు, క్యారెట్, ఆపిల్ మాత్రమే మిగిలాయి. రెండు నెలలు బరువు పెరగలేదు. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: రుజువైనదాన్ని మాత్రమే మానిపించండి, మిగతావన్నీ వేళకి పెట్టండి.

అసలు అలెర్జీని ఎలా గుర్తుపట్టాలి?

తిన్న కొన్ని నిమిషాల్లో, లేదంటే రెండు గంటల లోపు ఎక్కువగా బయటపడుతుంది. దద్దుర్లు, కళ్లు పెదవులు వాయడం, వాంతులు, ఆగకుండా తుమ్ములు, దగ్గు, పిల్లికూతలు. ఇవి తేలిగ్గానే గుర్తుపట్టొచ్చు.

ఇంకో రకం నెమ్మదిగా వస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డ బాగానే ఆడుకుంటూ ఉంటుంది, కానీ మలంలో జిగురు, సన్నటి రక్తపు చారలు కనిపిస్తాయి. దీనికి ఎక్కువగా కారణం అమ్మ తాగిన ఆవు, గేదె పాలలోని ప్రొటీన్ తన పాల ద్వారా బిడ్డకి చేరడం.

మూడో రకాన్ని చాలామంది ఫుడ్ పాయిజనింగ్ అనుకుంటారు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటలకి వాంతులు మొదలై ఆగవు. పాపాయి తెల్లగా పాలిపోయి వాలిపోతుంది. ఒంటి మీద ఒక్క దద్దురూ ఉండదు. డాక్టర్లు దీన్ని ఎఫ్‌పైస్ అంటారు. పాలు, సోయాలతో పాటు బియ్యం, ఓట్స్ వల్ల కూడా రావచ్చు. అన్నం పడని పిల్లలుంటారంటే మన పెద్దవాళ్లు నమ్మరు, నేనూ నమ్మలేదు. కానీ ఉంటారు. మామూలు అలెర్జీ పరీక్షల్లో ఇది సాధారణంగా బయటపడదు. ఏం తింది, ఎన్ని గంటలకి వాంతి అయింది అని మీరు చెప్పేదాన్ని బట్టే డాక్టర్ పట్టుకుంటారు. కాబట్టి ఏది జరిగినా వెంటనే ఫోన్‌తో ఫోటో తీయండి, టైం రాసుకోండి. ఆస్పత్రికి వెళ్లేసరికి దద్దుర్లు మాయమైపోతే చూపించడానికి ఆ ఫోటోయే ఉంటుంది.

అలెర్జీ పిల్ల కదా, గుడ్డు, పల్లీలు లాంటివి రెండు మూడేళ్లు వచ్చేదాకా ఆపడం మంచిది కదా?

ఒకప్పుడు డాక్టర్లూ ఇలాగే చెప్పారు. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ముప్పు ఎక్కువున్న పిల్లలకి పాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ల దాకా, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, చేపలు మూడేళ్ల దాకా వద్దంది. దానివల్ల మేలు జరుగుతోందనడానికి ఆధారం లేదని 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది.

అదే ఏడాది ఇంకో విషయం బయటికొచ్చింది. బ్రిటన్‌లో ఉండే యూదుల పిల్లల్లో పల్లీ అలెర్జీ, ఇజ్రాయెల్‌లో ఉండే యూదుల పిల్లల కన్నా పది రెట్లు ఎక్కువగా ఉంది. ఇజ్రాయెల్‌లో పిల్లలకి నెలల వయసు నుంచే పల్లీలతో చేసిన బాంబా అనే చిరుతిండి పెడతారు. లండన్ కింగ్స్ కాలేజీలో గిడియన్ లాక్ బృందం దీన్ని నేరుగా పరీక్షించి చూసింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎండి, పగిలి, దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు అలెర్జీ గానీ, రెండూ గానీ ఉన్న 640 మంది పిల్లల్ని 4 నుంచి 11 నెలల వయసులో తీసుకుని, సగం మందికి పల్లీలు పెట్టించారు, సగం మందికి పూర్తిగా మానిపించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లు నిండేసరికి మానేసినవాళ్లలో 17.2 శాతం మందికి పల్లీ అలెర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే. లీప్ అని పిలిచే ఈ అధ్యయనం తర్వాత డాక్టర్లు చెప్పేదే మారిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది ఇంకా అలెర్జీ రాని ఆహారాల గురించి చెప్పిన మాట. పాలకి ఒకసారి దద్దుర్లు వచ్చిన బిడ్డకి "అలవాటు చేస్తే అదే పోతుంది" అని ఇంట్లో మళ్లీ పాలు పట్టకూడదు. ఆ అధ్యయనంలో కూడా ముందు చర్మ పరీక్ష చేసి, దాంట్లో పెద్ద గడ్డ లేచిన పిల్లల్ని పక్కన పెట్టేశారు.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

ఆరు నెలలు నిండగానే. ఆడపిల్లకి ఐదో నెలలోనే ముహూర్తం కుదిరితే ఆ రోజు లాంఛనంగా నాలుకకి తాకించి, అసలు తిండి ఆరు నిండాక మొదలుపెట్టుకోవచ్చు. ఎగ్జిమా బాగా ఎక్కువుంటే ఇంకా ముందే, నాలుగైదు నెలలప్పుడే ఒకసారి డాక్టర్‌ని కలవండి. అలాంటి పిల్లలకి పల్లీలు పెట్టేముందు పరీక్ష అవసరమా కాదా అన్నది ఆయన చెప్తారు. మెడ నిలబడాలి, పట్టుకుంటే కూర్చోగలగాలి, మనం తింటుంటే నోరు తెరిచి చూడాలి. ఇవి కనిపిస్తే బిడ్డ సిద్ధంగా ఉన్నట్టే.

నలుగు పెడితే అలెర్జీ వస్తుందా?

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఈ సంగతి చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువ.

ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పగిలి, పొలుసులు లేచి ఉంటుంది. మన ఇంటి గోడకి పగుళ్లుంటే వాన నీళ్లు లోపలికి దిగినట్టే, ఆ చర్మంలోంచి ఆహారపు ప్రొటీన్లు లోపలికి వెళ్తాయి. చర్మం దారిలో వచ్చినదాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని, నోటి దారిలో వచ్చినదాన్ని తిండిగా ఒప్పుకుంటుందని ఇప్పుడు చాలామంది అలెర్జీ డాక్టర్లు నమ్ముతున్నారు. పల్లీలు తినిపించకుండా దాస్తే మేలు జరగకపోగా చెడు ఎందుకు జరిగిందన్నది కూడా దీంతో అర్థమవుతుంది. నోట్లోకి పోకపోయినా, ఇంట్లో అందరి చేతులకీ ఉండే పల్లీ పొడి బిడ్డ చర్మానికి తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన స్నానం చూడండి. శనగపిండి, పెసరపిండితో నలుగు. పాల మీగడ. నువ్వుల నూనె, కొన్ని ఇళ్లలో బాదం నూనె. అన్నీ తిండివే. బాగున్న చర్మానికి వీటితో పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. ఎగ్జిమా ఉన్న చర్మం మీద మాత్రం వద్దు. పైగా పిండి రుద్దితే ఆ చర్మం ఇంకా ఎండిపోయి, గీసుకుపోతుంది. మా పాపకి స్నానం చేయించడానికి వచ్చే మామ్మ గారు నలభై ఏళ్లుగా ఎంతోమంది పిల్లలకి నీళ్లు పోసినావిడ. నలుగు మానేద్దామంటే ఆవిడ మనసు కష్టపెట్టుకున్నారు. మోకాలి వెనక పగిలిన చోటు చూపించి, "ఇక్కడ పిండి తగిలితే ఏడుస్తోంది మామ్మా" అన్నాను. ఆవిడే పిండి డబ్బా పక్కన పెట్టేశారు. గోరువెచ్చని నీళ్లు, డాక్టర్ రాసిన వాసన లేని క్రీమ్, స్నానం అయిన మూడు నిమిషాల్లో ఒళ్లంతా పూయడం. రెండు వారాల్లో తేడా కనిపించింది. క్రీమ్ రాసేముందు చేతులు కడుక్కోండి, వంటింట్లోంచి అలాగే వచ్చి రాయకండి.

మొదట ఏం పెట్టాలి? ఇంట్లో చేసిన ఉగ్గు పొడి మంచిది కదా?

ఉగ్గు మంచిదే, కానీ అందులో ఎన్ని కలిపారో చూడండి. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు, మినప్పప్పు, గోధుమ, బాదం, జీడిపప్పు, పల్లీలు, యాలకులు అన్నీ వేయించి పొడి కొట్టి డబ్బాకెత్తి అమ్మమ్మగారు పంపిస్తారు. అంత ప్రేమగా చేసినదే, కానీ దద్దురు వస్తే దేనివల్లో చెప్పలేం. అప్పుడు భయంతో అన్నీ మానేస్తాం. అందుకే మొదటి నెల ఒక్కో పొడి ఒక్కో సీసాలో పెట్టుకోండి. బియ్యం పొడి ఒకటి, పెసరపప్పు పొడి ఒకటి, రాగి పిండి ఒకటి. అన్నీ పడ్డాయని తేలాక ఎలా కావాలంటే అలా కలుపుకోండి.

మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, రాగి జావ, ఉడికించి మెదిపిన క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, అరటిపండు, సపోటా. వీటితో మొదలుపెట్టి, ఒకటి రెండు వారాల్లో నోరు అలవాటు కాగానే అలెర్జీ తెచ్చే అవకాశమున్నవాటిలోకి దిగాలి. పప్పులకీ అలెర్జీ ఉంటుంది, మన దేశంలో శనగపప్పుకి ఉన్న పిల్లలు కనిపిస్తారు. అందుకని పప్పులు కూడా ఒకటొకటిగానే. ఏడాది లోపు తేనె మాత్రం చుక్క కూడా వద్దు. అది అలెర్జీ వల్ల కాదు, బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వల్ల.

కొత్త ఆహారం పెట్టే రోజు ఎలా ఉండాలి?

పొద్దున పూట, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్న రోజు. సాయంత్రం పెట్టి నిద్రపుచ్చకండి, ప్రయాణానికి ముందు పెట్టకండి. జలుబు, జ్వరం, టీకా వేసిన మర్నాడు వద్దు. ముందు చెంచాలో నాలుగో వంతు పెట్టండి. పది పదిహేను నిమిషాలు ఆడించండి, ముఖం, పొట్ట, వీపు చూడండి. ఏమీ లేకపోతే మిగతాది మెల్లగా పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. రెండు మూడు రోజులు అదే పెట్టి, తర్వాతే ఇంకో కొత్తది.

పడిందని తేలాక ఆపకూడదు. ఇది చాలామంది మర్చిపోతారు. ఒకసారి పెట్టి, బాగానే ఉంది కదా అని మూడు నెలలు మళ్లీ పెట్టకపోతే మొదలుపెట్టిన ఫలితం పోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు గిన్నెలో కనిపిస్తూ ఉండాలి.

పల్లీలు ఎలా పెట్టాలి? గొంతులో ఇరుక్కుంటాయేమో?

గింజ రూపంలో ఎప్పుడూ వద్దు, పలుకు కూడా వద్దు, ఐదేళ్లు వచ్చేదాకా. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూనె ఊరేదాకా రుబ్బి, గోరువెచ్చని నీళ్లలో పలచగా కలిపి జావలోనో అరటిపండు గుజ్జులోనో వేయండి. చిక్కటి పల్లీ ముద్ద చెంచాతో పెడితే అంగిలికి అతుక్కుంటుంది, అదీ ప్రమాదమే. ఉప్పు, కారం, చింతపండు ఉన్న ఇంటి పల్లీ చట్నీ దీనికి పనికిరాదు. అలవాటయ్యాక రెండు చెంచాల పల్లీ ముద్ద, వారానికి మూడుసార్లు అన్నది లీప్‌లో పిల్లలు తిన్న లెక్కకి దగ్గరగా ఉంటుంది.

పల్లీలకి ఇప్పటికే అలెర్జీ తేలిన పిల్లల ఇళ్లలో ఇంకో మాట. తెలంగాణలో పల్లీలంటాం, కోస్తాలో వేరుశనగ గుళ్లంటారు, అనంతపురం వైపు చెనిక్కాయలు, బుడ్డలు అంటారు. పాపాయిని చూసుకునే ఆయాకి, ఊరినుంచి వచ్చిన బంధువులకి వాళ్ల మాటలోనే చెప్పండి. నూనె సంగతి కూడా చూసుకోండి. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో మిగిలి ఉంటుంది.

గుడ్డు?

పూర్తిగా ఉడికించి, తెల్లసొన, పచ్చసొన రెండూ మెదిపి పెట్టండి. అలెర్జీ ఎక్కువగా తెల్లసొనలో ఉంటుంది కాబట్టి పచ్చసొన మాత్రమే పెడుతూ పోతే అసలు సంగతి తేలదు. సగం ఉడికింది, ఆఫ్‌బాయిల్ వద్దు.

పాల అలెర్జీ ఉంది. నెయ్యి వేయొచ్చా? పెరుగు? మేకపాలు?

నాకు అన్నిటికన్నా కష్టమనిపించిన ప్రశ్న నెయ్యిదే. తెలుగింట్లో పసిబిడ్డకి నెయ్యి లేకుండా ముద్ద కలపమంటే, ఉపవాసం ఉంచమన్నట్టే వినిపిస్తుంది. నెయ్యిలో ఉండేది దాదాపు అంతా కొవ్వే, కానీ వెన్న కాచినప్పుడు అడుగున గోకుడు మిగులుతుంది కదా, అది పాల ప్రొటీనే. ఎంత వడకట్టినా కొంచెం నేతిలో ఉండిపోతుంది. కొందరు పిల్లలకి అది ఏమీ చేయదు, కొందరికి ఆ కొంచెమే చాలు. కాబట్టి డాక్టర్‌ని అడగకుండా వద్దు. మేము కొబ్బరి నూనె, తర్వాత నువ్వులు పడ్డాయని తేలాక నువ్వుల నూనె ముద్దలో కలిపాం. కొవ్వు మాత్రం మానకూడదు, ఆ వయసులో బిడ్డ బరువుకీ మెదడుకీ అది కావాలి.

పెరుగు, మజ్జిగ, పన్నీర్, కోవా అన్నీ పాలే. తోడుపెడితే ప్రొటీన్ పోదు. "బాగా కాచిన పాలైతే పర్లేదు కదా?" అని కూడా అడుగుతారు. పొయ్యి మీద ఎంత మరిగించినా కేసీన్ అనే ప్రొటీన్ చెక్కుచెదరదు. గేదె పాలు, మేకపాలు కూడా వద్దు. ఆవుపాలకి అలెర్జీ ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మేకపాలూ పడవు.

గాడిద పాలు వీధుల్లో తిప్పుతూ, అక్కడే పితికి, చిన్న గ్లాసుతో అమ్ముతారు. ఆ పాలలో ప్రొటీన్ వేరుగా ఉంటుందని, కొందరు అలెర్జీ పిల్లలు తట్టుకుంటారని పరిశోధనలున్నాయి. అయినా పసిబిడ్డ నోట్లో పచ్చిపాలు పోయడం, అవి ఏ జంతువు పాలైనా, క్రిములు పోయడమే. ఆ పాలతో ఉబ్బసం తగ్గుతుందన్న మాట నమ్మి పట్టకండి.

తల్లిపాలు ఉంటే అవే కొనసాగించండి. చాలకపోతే పాల ప్రొటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా డాక్టర్ రాస్తారు. ఖరీదెక్కువ, చేదుగా ఉంటుంది, మొదటి వారం పిల్లలు మొహం తిప్పేస్తారు. ఓపిక పట్టండి. బాదం పాలు, బియ్యం పాలు లాంటివి ఏడాది లోపు దానికి బదులు కావు.

మరి కాల్షియం, ఐరన్?

రాగులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే పాపాయి రోజుకి తినేది రెండు మూడు చెంచాల పిండి, కాబట్టి జావతోనే సరిపోతుందనుకోకండి, చుక్కల మందు అవసరమేమో అడగండి. ఐరన్‌కి పప్పులు, ఆకుకూరలు, తినే ఇళ్లలో చికెన్, లివర్ మెత్తగా చేసి. పక్కన ఉసిరో, నిమ్మరసమో ఉంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ప్రభుత్వం వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇస్తుంది, ఆశా కార్యకర్తని అడగండి.

నేను పాలిస్తున్నాను. నేనేం మానాలి?

మీ పాలు తాగాక బిడ్డకి ఏదైనా కనిపిస్తేనే, అదీ డాక్టర్ చెప్పిన ఆ ఒక్కటే. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, చేప, కూరలన్నీ మానేసి కారప్పొడి అన్నంతో ఉండకండి. నేను అలా నాలుగు నెలలున్నాను, జుట్టు రాలి, కళ్లు తిరిగి పడ్డాను. దానివల్ల పాపకి ఒరిగింది ఏమీ లేదు.

ఒక్క రక్త పరీక్షతో అన్నీ తేలిపోతాయంటున్నారు. చేయించమంటారా?

వందలాది ఆహారాలకి ఒకేసారి చేసే ప్యాకేజీలు వద్దు. రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీని చూసే పరీక్ష అలెర్జీని చూపించదు, ఆ ఆహారం ఒంట్లోకి వెళ్లిందని మాత్రమే చెప్తుంది. అలెర్జీకి సంబంధించిన ఐజీఈ అనే యాంటీబాడీని చూసే రక్త పరీక్ష, చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ పనికొస్తాయి, కానీ ఇంతకుముందు ఏదైనా జరిగిన ఆహారానికి, లేదా ఎగ్జిమా బాగా ఎక్కువున్న పిల్లలకి డాక్టర్ అవసరమన్నప్పుడు చేస్తేనే. పరీక్షలో పాజిటివ్ వచ్చి, హాయిగా తినే పిల్లలు ఎంతోమంది ఉంటారు. ఆ రిపోర్ట్ చూసి మానిపిస్తే, నేను చేసిన తప్పే మీరూ చేసినట్టు.

ప్రమాదం ముంచుకొస్తే ఏం చేయాలి?

మూతి దగ్గర నాలుగు దద్దుర్లు మాత్రమే ఉండి పాపాయి ఆడుకుంటుంటే, తినిపించడం ఆపి, తుడిచి, డాక్టర్ చెప్పిన అలెర్జీ మందు ఇచ్చి చూస్తూ ఉండొచ్చు. కానీ ఊపిరికి కష్టపడటం, పిల్లికూతలు, ఏడుపు బొంగురుపోవడం, నాలుక వాపు, ఒళ్లు తెల్లబడి మెత్తగా వాలిపోవడం, దద్దుర్లతో పాటు ఆగని వాంతులు: వీటిలో ఏది కనిపించినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలెర్జీ కావచ్చు. దానికి మందు ఒక్కటే, అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండలోకి, కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. అలెర్జీ సిరప్‌తో ఆ పని జరగదు. సిరప్ పోసి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకండి.

108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే దానికే వెళ్లండి. బిడ్డని భుజాన నిలువుగా వేసుకుని పరుగెత్తకండి, ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకోండి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. ఆయాసం ఎక్కువుంటే తల వైపు కొంచెం ఎత్తండి. తగ్గిపోయినా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉండాలి, రెండో విడత రావచ్చు.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్లకి పెన్ను లాంటి ఇంజెక్షన్ రాసిస్తారు. మన ఊళ్లలో అది దొరకడం కష్టం. మా డాక్టర్ అడ్రినలిన్ ఉన్న చిన్న గాజు ఆంప్యూల్, ఒక మిల్లీలీటరు సిరంజి రాసిచ్చి, ఎక్కడిదాకా లాగాలో సిరంజి మీద ఎర్ర మార్కర్‌తో గీత గీసి చూపించారు. నేను, మావారు నీళ్లతో ఇరవైసార్లు ప్రాక్టీస్ చేశాం. బరువు పెరిగినప్పుడల్లా ఆ గీత మార్పించుకున్నాం. మీ బిడ్డకి ఒకసారి తీవ్రంగా వచ్చి ఉంటే, ఇది నేర్పమని మీరే అడగండి.

బయటి తిండి, ప్రసాదం, అంగన్‌వాడీ బాలామృతం?

బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. పాల అలెర్జీ ఉంటే టీచర్‌కి ముందే చెప్పండి. షాపుల్లో దొరికే సిరియల్ చాలావాటిలో పాలు, గోధుమలు రెండూ ఉంటాయి. మన దేశంలో ప్యాకెట్ల మీద పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు ఉంటే విడిగా చెప్పాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు, కాబట్టి నువ్వుల అలెర్జీ ఉన్నవాళ్లు దినుసులన్నీ చదవాల్సిందే. "వే" (whey), "కేసీన్" (casein) అని ఉంటే అవీ పాలే.

ప్రసాదం కళ్లకద్దుకుని పక్కన పెట్టండి. ఇక చుట్టాల విషయం: "పాలు తాగకూడదు" అంటే వాళ్లకి పథ్యంలా వినిపిస్తుంది, "కొంచెమేగా" అని పెట్టేస్తారు. మా అత్తయ్యగారికి నేను ఆ రోజు ఫోటో ఫోన్‌లో చూపించాను, పెదవి వాచినది. ఆ తర్వాత ఎవరు పాప నోట్లో ఏం పెట్టబోయినా ముందు చెయ్యి పట్టుకుని ఆపింది ఆవిడే.

గుడ్డు అలెర్జీ ఉంటే తట్టు టీకా వేయించొచ్చా?

వేయించాలి. తొమ్మిది నెలలకి ఇచ్చే మీజిల్స్ రుబెల్లా టీకా గుడ్డు అలెర్జీ ఉన్న పిల్లలకీ సురక్షితమే.

ఇది ఎప్పటికైనా తగ్గుతుందా?

పాలు, గుడ్డు, గోధుమ అలెర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. పల్లీలది తగ్గడం తక్కువ, ఐదుగురిలో ఒకరికి. గోధుమపిండితో కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన కేకులో ఉన్న పాలు, గుడ్డు చాలామంది ముందుగానే తట్టుకుంటారు, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంట్లో నిర్ణయించుకోకూడదు.

తగ్గిందా లేదా తేల్చేది ఆస్పత్రిలో డాక్టర్ ముందు తినిపించి చూసే పరీక్ష. మా పాపకి నాలుగేళ్లప్పుడు చేశారు. పొద్దున్నే వెళ్లాం. మొదట కొన్ని చుక్కల పాలు, అరగంట ఆగి ఇంకొంచెం, అలా పెంచుకుంటూ పోయి చివరికి అర గ్లాసు. నర్సు ప్రతిసారీ చొక్కా ఎత్తి పొట్ట చూసేది. నేను మాత్రం పై పెదవి మీదనుంచి కళ్లు తిప్పలేదు. రెండు గంటలు కనిపెట్టి, ఇంటికి వెళ్లమన్నారు. దారిలో పెరుగు ప్యాకెట్ కొన్నాం. మొదటి ముద్దకి పులుపని మొహం చిట్లించింది. మానకుండా వారానికి మూడు రోజులైనా పెట్టమన్నారు డాక్టర్, కాబట్టి కొంచెం దానిమ్మ గింజలు కలిపి ఇప్పటికీ పెడుతున్నాను.